జరగని లోకపు లెక్క

వజ్రఘట్ట రాజధానిలో ధర్మసభకు నూట ఎనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభం మీద ఒక్కో ధర్మసూక్తి చెక్కి ఉంది. ఆ సూక్తులకు వీపు ఆనించి కూర్చుని లంచాలు మాట్లాడుకోవడం ఆ ఊరి పెద్దమనుషులకు అలవాటు. పైకప్పుకు పగడాల తోరణాలు, నేలకు చంద్రకాంత శిలలు, నెమలిపింఛాల వింజామరలు వీచే పరిచారికలు, వీటన్నిటి నడుమ ఏనుగుదంతపు సింహాసనం మీద శత్రుభీకర మహారాజు. ఆయనకు ఇరవై నాలుగు బిరుదులున్నాయి. బల్లి కనబడితే మాత్రం సింహాసనం మీదికెక్కి నిలబడతాడు. ఆ మధ్యాహ్నం ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి గాని, మెలకువగా ఉన్నాడో లేదో పక్కనున్న ధర్మాధికారికి కూడా తెలియదు.

ఏడు రోజులుగా ఆ సభలో ఒకటే వ్యాజ్యం నలుగుతోంది. రాజ్యానికి పడమట నిప్పుల ఎడారి ఉంది. కాలినడకన దాటాలంటే ఏడు రోజులు పడుతుంది. ఆ ఏడు రోజులూ నీళ్లను చల్లగా ఉంచే జంటగోడల కూజాను కుబేరగుప్తుడనే వర్తకుడు తయారు చేయించాడు. కూజాలో కూజా, రెండింటి నడుమ ఊకబూడిద, పైన లక్కతో బిగించిన మూత. కిటుకంతా అంతే. అంతవరకు ఎవరికీ తట్టలేదు కనుక, పన్నెండేళ్లపాటు తాను తప్ప మరొకరు దాన్ని చేయరాదని రాజుగారి చేత రాగిరేకు మీద శాసనం రాయించుకున్నాడు. మూడో ఏట ఎర్రకోన కుమ్మరులు అచ్చం అలాంటి కూజాలే మూడు వేలు చేశారు. ఎనిమిది వరహాల సరుకును ఒక్క వరహాకు అమ్మారు. దొరికిపోయారు.

చేశారా లేదా అన్న వాదనే లేదు. కుమ్మరుల పెద్ద వీరసాని మొదటిరోజే ఒప్పుకుంది. ఏభై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా మట్టి ఇంకిన చేతులు, ఎవరి ముందూ దించని తల.

"చేశాం బాబూ. ఆయన కూజా ఒకటి కొని, పగలగొట్టి, లోపలేముందో చూసి మరీ చేశాం. తప్పు ఎంతో చెప్పండి, కట్టేస్తాం" అంది.

ఎంత అన్నదే చిక్కు. కుబేరగుప్తుడు అడిగింది మూడు లక్షల వరహాలు. ఎర్రకోనను తలకిందులు చేసి దులిపినా మూడు వేలు రాలవు. కట్టలేకపోతే వాళ్ల ఎర్రమట్టి కొండ కుబేరగుప్తుడిదవుతుంది. ఆరువందల గడపలు తమ కొండ మట్టినే అతని కింద కూలికి తవ్వాలి. వీరసాని కళ్ల ముందు ఆ కొండ తప్ప మరేదీ లేదు.

"మహాప్రభూ, నా గోడు చిత్తగించండి" అని కుబేరగుప్తుడు ఆ రోజు ఏడోసారి మొదలుపెట్టాడు. పది వేళ్లకూ పన్నెండు ఉంగరాలు పెట్టుకున్న ఘనుడు. "నా కూజా కొన్నవాడు నా ఒంటెను కొంటాడు. ఒంటె కొన్నవాడు జీను కొంటాడు. జీను కొన్నవాడు ఖర్జూరాలు, గుడారం, దుప్పటి కొంటాడు. కనుక దొంగ కూజా ఒక్కటి అమ్ముడుపోతే నాకు నూరు వరహాలకు గండి పడినట్టే!"

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారెవరో వెనకనుంచి.

అన్నవాడు పోలన. రాజ్యానికి నష్టగణకుడు. ఎవరికి ఎవరివల్ల ఎంత నష్టం కలిగిందో లెక్కగట్టడం అతని కొలువు. పడవ నడిపేవాడి కొడుకు. వంశం పేరు చెప్పుకోలేడు, చేతికి అందినది లెక్కపెట్టకుండా ఉండలేడు. నోరు మంచిది కాదు. ఆ నోటివల్ల అతని జీతం రెండుసార్లు తగ్గింది. తగ్గించినవాడి లెక్కలో తప్పుందని రెండుసార్లూ చూపించాడు.

ఆ కొలువుకు తరతరాల కట్టుబాటు ఒకటుంది. తాకని నష్టం రాయరాదు. పంట మునిగిందంటే గణకుడు ఆ బురదలో చెయ్యి పెట్టాలి. ఇల్లు కాలిందంటే ఆ బూడిద అరచేతికి అంటాలి. అంటకపోతే లెక్క చెల్లదు. వజ్రఘట్టంలో తెలివిగా మిగిలిన చట్టం అదొక్కటే. అదీ ఎవరూ చదవలేదు కనుక మిగిలింది.

"శెట్టిగారూ, ఆ ఒంటెలెక్కడున్నాయి? చూపిస్తే తాకి రాసుకుంటాను" అన్నాడు పోలన.

"అమ్ముడుపోని ఒంటెలను ఎలా తాకుతావురా మూఢుడా!"

"నేనూ అదే అడుగుతున్నాను."

సభ నవ్వింది. కుబేరగుప్తుడు మాత్రం చిరునవ్వు నవ్వి చప్పట్లు కొట్టాడు. తలుపులు తెరుచుకుని గుగ్గిలం పొగ లోపలికి దూసుకొచ్చింది. పొగలోంచి ధూమ్రకేశుడు వచ్చాడు. మోకాళ్ల దాకా జడలు, మెడలో గుడ్లగూబ గోళ్ల మాల, నుదుట బొగ్గుతో మూడో కన్ను. అతని వెనక నలుగురు బానిసలు నీళ్లు నింపిన రాగి గంగాళాన్ని మోసుకొచ్చారు. అంత పెద్ద మాంత్రికుడికి గంగాళం మోయించుకోవడానికి ఒక భూతమైనా లేదు.

"జరిగిన లోకం మీ ముందుంది. ఎర్రకోన దొంగలు కూజాలు చేయకపోయి ఉంటే ఏ లోకం ఉండేదో అది నా గంగాళంలో ఉంది. జరగని లోకాన్ని చూడండి!" అని గర్జించి ధూమ్రకేశుడు నీళ్లమీద చెయ్యి తిప్పాడు.

నీళ్లలో బంగారు మేడ లేచింది. ఏడు అంతస్తులు, ఏడింటికీ వజ్రాల కిటికీలు. మేడ ముందు వేయి ఒంటెలు, వాటి మెడల్లో ముత్యాల గంటలు. మేడపైన కుబేరగుప్తుడు పాదాలకు గంధం పూయించుకుంటున్నాడు. మహారాజు నిద్ర ఎగిరిపోయింది.

"అయ్యో పాపం! ఇంత పోగొట్టుకున్నావా!" అని కళ్లొత్తుకున్నాడు. మేడ అంత బాగుంటే అది లేకపోవడం అన్యాయమేనని సభంతా తలలూపింది. ఇలాంటి తలలను లెక్కపెట్టే మనం ఆ ఊరిని రాజధాని అంటున్నాం.

పోలన గంగాళంలోకి వంగి చూశాడు. "బాగుంది. లోపలికెళ్లి తాకి వచ్చిందెవరు?"

ధూమ్రకేశుడి మూడో కన్ను చెమటకు కారింది. "లోపలికా? ఎవరూ వెళ్లరు."

"తాకని నష్టం రాయరాదు. నేను వెళతాను."

ధర్మాధికారికి ఆ మాట తేనెలా తోచింది. పోలన పీడ ఏదో ఒక గంగాళంలో వదిలితే చాలునని ఆయన మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. వెంటనే అనుమతి ఇచ్చాడు.

ధూమ్రకేశుడు తప్పించుకోలేక షరతులు చెప్పాడు. గంగాళంలో నీళ్లున్నంతసేపే తోవ ఉంటుంది. నీళ్లు ఇంకిపోతే లోపలివాడు లోపలే. వేడెక్కిన నీళ్లు కొత్తగా పోస్తే గంగాళం బద్దలవుతుంది. ఆ మాటలు చెబుతూనే కుబేరగుప్తుడి వైపు చూశాడు. కుబేరగుప్తుడు మూడు వేళ్లు చూపించాడు. మాంత్రికుడు అయిదు చూపించాడు. నాలుగుకు కుదిరింది. ధూమ్రకేశుడు గంగాళాన్ని ముందుకు జరిపించి, పైకప్పు తెరపిలోంచి ఎండ నిలువుగా పడే చోట పెట్టించాడు.

సభ నడుమ పీట మీద మరో పాత్ర ఉంది. ఎర్రకోన కూజా నిజంగా ఏడు రోజులు నీళ్లను చల్లగా ఉంచుతుందా అని తేల్చడానికి, ధర్మాధికారి ఒకదాన్ని మొదటిరోజే నింపించి, మూత మీద రాజముద్ర వేయించాడు. తీర్పు వచ్చేలోపల ఎర్రకోనవాళ్లు దాన్ని వాడుకుని, ఆ వాడకంవల్ల కుబేరగుప్తుడికి ఒక్క కాసు నష్టం వచ్చినా, ఇక లెక్కాపత్రం లేకుండా కొండ పోతుందని ఆజ్ఞ. వీరసాని ఏడు రోజులుగా ఆ పీటకు పది బారల దూరంలో కూర్చుంటోంది.

పోలన పంచె ఎగ్గట్టి ఆమె వైపు తిరిగాడు. "చేసేటప్పుడు అడిగి చేసి ఉంటే ఈ పాట్లు ఉండేవా అమ్మా? మీ దొంగతనానికి నేను మునగాల్సి వచ్చింది" అన్నాడు.

"మునుగు నాయనా. తేలేదాకా నేనిక్కడే ఉంటా" అంది వీరసాని.

పోలన గంగాళంలోకి దూకాడు.

*

నీళ్లు తగలలేదు. ఎండ తగిలింది. పోలన మెత్తటి ఇసుకలో మోకాళ్ల మీద పడ్డాడు. తలెత్తితే ఆకాశం నడుమ రాగి అంచుతో గుండ్రటి వెలుగు కనిపించింది. అది గంగాళం మూతి. ఎదురుగా ఏడంతస్తుల బంగారు మేడ కళ్లు చెదిరేలా మెరుస్తోంది.

పోలన నేరుగా నడిచివెళ్లి మొదటి ఒంటె మూతి మీద చెయ్యి వేశాడు. ఒంటె ఇసుకై రాలిపోయింది. రెండోదీ అంతే. "ఒకటి లేదు. రెండు లేదు" అని వరసగా తాకుతూ పోయాడు. నలభయ్యోది రాలేసరికి మిగిలిన ఒంటెలన్నీ ఒక్కసారిగా కూలి, సుడిగాలిలా లేచి, తాటిచెట్టంత ఇసుక భేతాళుడై నిలబడ్డాయి. వాడు నోరు తెరిస్తే గుహ, చెయ్యి ఎత్తితే గుట్ట. బండరాయి పెకలించి విసిరాడు. భేతాళుడు అబద్ధం గాని, రాయి నిజం. పోలన పక్కకు దొర్లాడు. రెండో రాయి అతని భుజం చర్మాన్ని లేపేసింది. మూడోదానికి భయపడి పరిగెత్తాడు. అతను వెనక్కి తిరిగి గుడ్లప్పగించి చూసినప్పుడల్లా భేతాళుడు ఇంకొక మూర పెరిగాడు.

అప్పుడు పోలనకు వాడి సంగతి అర్థమైంది. వాణ్ణి చూస్తే పెరుగుతాడు. సభలో తలలూపినవాళ్లందరూ కలిసి పెంచింది వీడి బొజ్జనే. పోలన కళ్లు గట్టిగా మూసుకుని, వెనక్కి తిరిగి, ఎదురు పరుగెత్తి, చేతికి తగిలిన పిక్క మీద ఒక్క చరుపు చరిచాడు. నెత్తి మీద రెండు బుట్టల ఇసుక పడింది. కళ్లు తెరిస్తే భేతాళుడూ లేడు, మేడా లేదు. మేడ ఉన్నచోట ఒక రేగుపొద, దానికి కట్టేసిన మేక. మేకను కూడా తాకి చూశాడు. అది నిజంగానే ఉంది.

మేడ అడ్డు తొలగడంతో అసలు జరగని లోకం కనిపించింది. ఎడారి మొదట్లో సుంకపు చావడి ఉంది. ఎర్రకోన కూజా కొన్న మూడు వేల మంది ఇక్కడ ఆ కూజా లేకుండా ఏం చేశారో పోలనకు కావాలి. చావడిలో సుంకరి కునుకుతున్నాడు. అతని వెనక రెండు గులకరాళ్ల కుప్పలు.

"ఇవేమిటయ్యా?" అని పోలన తట్టి లేపాడు.

"ఆ పెద్ద కుప్ప తోలుతిత్తుల్లో నీళ్లు పోసుకుని నడిచిపోయినోళ్లు. రెండు వేల ఆరువందలు. ఎనిమిది వరహాలు పెట్టి కూజా కొనే మొహాలా అవి? ఎనిమిది వరహాలుంటే ఎడారిలోకి ఎందుకొస్తారు, ఇంట్లో పడుకోరూ? ఈ చిన్న కుప్ప ఒంటెల మీద పోయినోళ్లు. నాలుగు వందలు. డబ్బుంది, కుబేరగుప్తుడి దగ్గర అందరికీ సరిపడా సరుకు లేదని తిట్టుకుంటూ పోయారు."

పోలన రెండు కుప్పలనూ రాయి రాయిగా తాకి లెక్కపెట్టాడు. సరిగ్గా మూడు వేలు.

"తోలుతిత్తుల వాళ్లు క్షేమంగా చేరారా?"

సుంకరి పడమటి దారి వైపు గడ్డం ఎత్తాడు.

ఆ దారికి రెండు వైపులా ఇసుక దిబ్బలున్నాయి. ఒక్కోదాని మీద ఒక ఎండిపోయిన తోలుతిత్తి. పోలన మొదటిదాని మీద చెయ్యి పెట్టాడు, రెండోదాని మీద పెట్టాడు. దారి పొడుగునా కుబేరగుప్తుణ్ణి తిడుతూ నడిచాడు. ముప్ఫయ్యో దిబ్బ మీద చీపుళ్ల కట్ట ఉంది. ఆ కట్టు తీరు అతనికి తెలుసు. అది లచ్చిది. రాజధాని సంతలో చీపుళ్లమ్ముతూ మొన్ననే తనతో బేరమాడి గెలిచి, తన మొహానే నవ్విన లచ్చి. జరిగిన లోకంలో ఆమె చేతిలో ఎర్రకోన కూజా ఉంది. ఈ లోకంలో లేదు. పోలన తిట్టడం మానేశాడు. అక్కడే కూర్చుని ఏడ్చాడు. ఏడ్చి లేచి మిగిలినవి తాకాడు. మొత్తం రెండువందల పన్నెండు.

తలెత్తి చూస్తే ఆకాశంలో వెలుగు పళ్లెమంత అయింది. నీళ్లు ఇంకుతున్నాయి. అనుకున్నదానికంటే చాలా తొందరగా ఇంకుతున్నాయి.

పోలన పరిగెత్తాడు. కుబేరగుప్తుడి కూజాలు కాల్చే ఆవం కోసం పొగ గుర్తుపట్టి పోయాడు. దారిలో పైపంచెను పెద్ద తలపాగాగా చుట్టి, మేక మెడలోని గంటను కాజేసి తన మెడలో వేసుకుని, పరదేశపు షావుకారులా పొట్ట ముందుకు తోసి లోపలికి నడిచాడు.

"వెయ్యి కూజాలు కావాలి. రేపే" అన్నాడు ముక్కుతో.

ఆవం మేస్త్రీ నోరు తెరిచాడు. "వెయ్యా? అయ్యా, ఏడాదికి చేసేదే మూడువందల అరవై. అందులో రెండువందల ఎనభై ఇప్పటికే అమ్ముడుపోయాయి. అవిగో, ఎనభై మిగిలాయి. అంతకు మించి ఈ ఆవం పట్టదు."

"మరి మీ శెట్టి మూడు వేలు అమ్మగలనంటున్నాడే!"

"ఎవరు, మా శెట్టా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. రెండో ఆవం కట్టమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా. ఇటుకలకు ఖర్చవుతుందన్నాడు."

పోలన ఎనభై కూజాలనూ తాకి లెక్కపెడుతుండగా లోపలి గదిలో మాటలు వినిపించాయి. తొంగి చూస్తే ఆ లోకపు కుబేరగుప్తుడు పరుపు మీద కూర్చున్నాడు. ఉంగరాలు అక్కడా పన్నెండే. ఎదురుగా ఆ లోకపు వీరసాని నిలబడి ఉంది. మట్టి చేతులు అవే, తల అదే.

"దారిలో జనం చస్తున్నారు శెట్టీ. మీ కూజా మమ్మల్ని చెయ్యనియ్యండి. పేదోళ్లకి వరహాకొకటి అమ్ముకుంటాం. కూజాకింతని మీకిస్తాం" అంటోంది.

"కూజాకు వరహా ఇవ్వు."

"అమ్మేదే వరహాకి. పావు ఇస్తాను."

"అర!"

"పావే. కుదరదంటే పోతా. మీ కూజాలు కొనేవోళ్లు వేరు, మావి కొనేవోళ్లు వేరు. మీకు పోయేదేముంది?"

కుబేరగుప్తుడు లోపల లెక్కవేసుకున్నాడు. చెయ్యి కదపకుండా ఊరికే వచ్చే పావు. అతని మొహం చూడాలి, ఎలుక దొరికిన పిల్లి కూడా అంత ఆనందించదు. "సరే, నీ ఏడుపు చూడలేక ఒప్పుకుంటున్నాను" అని తాటాకు మీద చేవ్రాలు పెట్టాడు. ఆ గదిలో ఏడ్చినవాళ్లు ఎవరూ లేరు.

పోలన లోపలికి దూరి తాటాకు మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది చాలు" అన్నాడు.

"ఎవడ్రా నువ్వు? దొంగ!" అని కుబేరగుప్తుడు అరిచాడు. కాపలావాళ్లు బల్లేలతో వెంటపడ్డారు. పోలన గోడ దూకి ఇసుకలో పడి తలెత్తాడు. ఆకాశంలో వెలుగు వరహా నాణెమంత ఉంది.

*

ఇక్కడ ధర్మసభలో గంగాళం అడుగు కనిపిస్తోంది. ధూమ్రకేశుడు మంత్రాల పేరుతో దాని చుట్టూ నిప్పుల కుంపట్లు పెట్టించాడు. అది మంత్రం కాదని, వేడి అని సభలో వంటవాళ్లకు తప్ప ఎవరికీ తోచలేదు.

"నీళ్లు పొయ్యండయ్యా! మనిషి లోపలున్నాడు!" అని వీరసాని అరిచింది.

"చల్లటి నీళ్లుంటే పొయ్యి" అన్నాడు ధూమ్రకేశుడు తాపీగా. గ్రీష్మం, నడిమధ్యాహ్నం. బిందెల్లో నీళ్లు, బావిగట్టు తొట్లలో నీళ్లు, మహారాజు బంగారు చెంబులో నీళ్లు, అన్నీ చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. ఆ సభ మొత్తానికి చల్లటి నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి. పీట మీద, రాజముద్ర కింద.

వీరసాని ఆ కూజా వైపు చూసింది. కుబేరగుప్తుడు ఆమె వైపు చూశాడు. ముట్టుకో, ముట్టుకో అని అతని కళ్లు బతిమాలుతున్నాయి. వాడి ఎత్తు ఆమెకు అప్పుడు తెలిసింది. పోలన చస్తే మేడ లెక్కే మిగులుతుంది, కొండ పోతుంది. కూజా తీస్తే ఆజ్ఞ ప్రకారం కొండ పోతుంది. ఎటైనా పోయేది కొండే. ఒక దారిలో మాత్రం మనిషి బతుకుతాడు.

"థూ! మీ సభ పాడుగాను" అని వీరసాని లేచి, రాజముద్రను పిడికిలితో పగలగొట్టి, కూజా ఎత్తి నీళ్లు గంగాళంలో కుమ్మరించింది. ఏడో రోజు కూడా ఆ నీళ్లు మంచులా ఉన్నాయి. దగ్గరున్న పరిచారిక మీద తుంపరలు పడి ఆమె ఉలిక్కిపడింది.

జరగని లోకంలో వాన పడింది. నిప్పుల ఎడారిలో ఎన్నడూ చూడని వాన. బల్లేలు పట్టుకున్న కాపలావాళ్లు బల్లేలు పారేసి నోళ్లు తెరిచి నిలబడ్డారు. సుంకరి కుండ పట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఆకాశంలో వెలుగు పెద్దదై కిందికి వంగింది. పోలన ఆ వానధారను తాడులా పట్టుకుని పైకి ఎగబాకాడు.

గంగాళంలోంచి తడి తలపాగా, మేక గంట, ఆ వెనక పోలన బయటికి వచ్చారు. మహారాజు సింహాసనం మీదికెక్కి నిలబడ్డాడు.

"తాకిన లెక్క చెబుతున్నాను, రాసుకోండి" అని పోలన రొప్పుతూ మొదలుపెట్టాడు. "మేడ లేదు. ఒంటెలు లేవు. ఉన్నది ఒక మేక. మూడు వేల మందిలో రెండు వేల ఆరువందల మంది శెట్టిగారి కూజా కలలో కూడా కొనరు. నాలుగు వందల మంది కొనేవాళ్లే. కాని ఆవంలో మిగిలినవి ఎనభై. ఎనభై కూజాలు, ఖర్చు మూడు వరహాలు పోను ఒక్కోదానికి అయిదు వరహాల లాభం, నాలుగు వందలు. తక్కిన రెండు వేల తొమ్మిదివందల ఇరవైకి, ముందుగా అడిగి ఉంటే శెట్టిగారు సంతోషంగా ఒప్పుకునేది కూజాకు పావు వరహా. ఏడువందల ముప్పై. మొత్తం వెయ్యిన్నూట ముప్పై వరహాలు. ఎర్రకోన కట్టాలి. చేసింది దొంగతనమే కనుక చచ్చినట్టు కట్టాలి."

"కడతాం" అంది వీరసాని.

"ఇంకొక లెక్క ఉంది. రెండువందల పన్నెండు చావులు. ఇక్కడ జరగలేదు, అక్కడ జరిగాయి."

మహారాజు మొహం చిట్లించాడు. "జరగని చావులకు విలువేమిటయ్యా?"

"ఇందాక జరగని మేడకు తమరు కళ్లొత్తుకున్నారు ప్రభూ."

మహారాజు పింఛాల వింజామర వైపు తిరిగిపోయాడు. ధర్మాధికారి గొంతు సవరించుకున్నాడు. "ఆ లెక్క ఇక అనవసరం. ఎర్రకోన మనిషి ముద్ర పగలగొట్టి కూజాను వాడింది. కొండ పోయింది."

సభలో సగం మంది చప్పట్లు కొట్టారు. పోలన ఆ కూజా వైపు చూశాడు, తన తడి పంచె వైపు చూసుకున్నాడు. తాను ఎవరి నీళ్ల మీద ఎక్కి వచ్చాడో అప్పుడు తెలిసింది. వీరసాని మొహం చూడలేకపోయాడు.

"ఆజ్ఞ మళ్లీ చదవండి" అన్నాడు. "వాడినందుకు కాదు, వాడకంవల్ల శెట్టిగారికి ఒక్క కాసైనా నష్టం వస్తే పోతుందని ఉంది. నష్టమంటే, అది జరగకపోతే ఉండేదానికీ ఇప్పుడున్నదానికీ తేడా. ఆ నీళ్లు పోయకపోతే ఏం జరిగేది? నేను చచ్చేవాణ్ణి. పోస్తే ఏం జరిగింది? నేను బతికాను. శెట్టిగారూ, రాజుగారి గణకుడు చావకపోవడంవల్ల తమకెంత నష్టం? చెప్పండి, రాసుకుంటాను. కాసు దగ్గరనుంచి మొదలుపెట్టండి."

కుబేరగుప్తుడు నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక నష్టం లేదన్న మాట అతని నోట రాలేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. కుంపట్ల వైపు, ధూమ్రకేశుడి వైపు, తలారుల వైపు చూశాడు. ధూమ్రకేశుడు మెల్లగా నాలుగు వేళ్లు పైకెత్తి, నా మాటేమిటన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. సభంతా ఆ వేళ్లు చూసింది.

"ఏ... ఏమీ లేదు" అన్నాడు కుబేరగుప్తుడు. పన్ను పీకించుకున్నవాడిలా చెంప పట్టుకున్నాడు.

"శూన్యం" అని ధర్మాధికారి రాసుకున్నాడు. తీర్పు వెయ్యిన్నూట ముప్పై దగ్గర నిలిచింది.

వీరసాని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏడుస్తున్నావా అమ్మా?" అన్నాడు పోలన. "చెమట నాయనా" అంది ఆమె.

కుబేరగుప్తుడు చెంప మీది చెయ్యి తీశాడు. చిత్రంగా, నవ్వుతున్నాడు. "తీర్పు మీరే ఉంచుకోండి. అయిదో రోజే నా మనుషులు రెండువందల మంది ఎర్రకోనకు బయలుదేరారు. ఈపాటికి కొండెక్కి ఉంటారు. దింపడానికి మరో వ్యాజ్యం వేసుకోండి. అది పన్నెండేళ్లు నడుస్తుంది" అన్నాడు.

ధర్మాధికారి పుస్తకం మూసేశాడు. మహారాజు ఆవులించాడు. సభ చాలించారని భేరీ మోగింది.

వీరసాని ఎవరికీ దండం పెట్టలేదు. గిర్రున తిరిగి మెట్లు దిగింది. పోలన ఆమె వెంట పడేసరికి, వాకిట్లో కట్టేసిన ముత్యాల జీను ఒంటె పగ్గం విప్పుతోంది.

"ఎవరిదమ్మా అది?"

"శెట్టిదే."

"ఇది దొంగతనం!"

"అవును. దొరికితే ఒప్పుకుంటాలే. ఎక్కు."

పోలన ఎక్కాడు. ఒంటె లేచింది. వెనకనుంచి కుబేరగుప్తుడి కేక, కోటగోడ మీద బూర, గొలుసుల చప్పుడు ఒక్కసారే వినిపించాయి. కోటవాకిలికి పైనుంచి దించే ఇనుప తలుపు, నాగలి కర్రులంత మొనలతో, గరగరలాడుతూ కిందికి జారుతోంది. వీరసాని వంగి ఒంటె మెడకు కరుచుకుంది. పోలన ఆమె వీపు వెనక నక్కాడు. మొనలు అతని తలపాగాను ఎగరేసుకుపోయాయి. తలుపు వాళ్ల వెనక నేలలో దిగబడింది.

బయట దారి తెల్లగా, ఖాళీగా, పడమటికి సాగింది. వీరసాని తలెత్తి చూసి పగ్గం బిగపట్టింది. దూరంగా, ఎర్రకోన ఉన్న వైపు, ఆకాశంలోకి ఎర్రటి దుమ్ము లేస్తోంది.

"తవ్వుతున్నారు" అని ఒంటె డొక్కలో మడమతో పొడిచింది.